పక్కకి తిరిగి పడుకునేవాడికి ఏ పక్క మంచిది?

"క్లాప్ ఇన్!" అన్నారు డైరెక్టరు గారు.

ఇన్ అయ్యాను. లో యాంగిల్ షాటు. కెమెరా నేలకి జానెడెత్తులో ఉంది కాబట్టి క్లాప్ బోర్డు కూడా అంత కిందకే పట్టాలి. వంగాను. సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు గొంతెత్తి చెప్పి టప్పుమని కొట్టాను. అంతవరకూ బ్రహ్మాండం! ఆ తర్వాత ఫ్రేములోంచి తప్పుకోవడమే కుదరలేదు. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

యూనిట్టంతా ఒకటే నవ్వు. నేనేదో ముసలితాతని అనుకరించి చూపిస్తున్నాననుకున్నారు. హీరోగారైతే "ఈ కుర్రాడికి కామెడీ వేషం ఇవ్వొచ్చండీ" అని కూడా అన్నారు. చివరికి నా కళ్ళలో నీళ్ళు చూసిన లైట్‌బాయ్ ఒకతను చంకల కింద చేతులేసి నన్ను పక్కకి ఈడ్చుకుపోయాడు. అప్పుడు నా వయసెంతనుకున్నారు? 29 ఏళ్ళు!

సినిమా పత్రికలో ఈ పరుపుల గోలేమిటని విసుక్కోకండి. సెకండ్ షో చూసొచ్చి, అది చాలనట్టు మంచమెక్కి, ఓ పక్కకి తిరిగి, మోచేతి మీద తల ఆనించుకుని ఫోనులో ఇంకో సినిమా మొదలెట్టే బాపతు మీలో ఎంతమంది లేరు? ఇవాళ కాకపోతే రేపు మీరూ నా దారికి రావలసినవాళ్ళే. ముందుగా విని పెట్టుకుంటే నష్టం లేదు.

నేను బుద్ధెరిగినప్పట్నుంచీ పక్కకి తిరిగి పడుకునే జాతి. మాది నెల్లూరు. మా రంగనాయకులస్వామి వెలసిన చోటుకి తల్పగిరి అని పేరు. సాక్షాత్తూ దేవుడే శేషపాన్పు మీద పవళించి ఉంటాడు. అందుకే పడక విషయంలో మా ఊరివాళ్ళకి పట్టింపు ఎక్కువని సరదాకి అంటుంటాను. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు బూరుగుదూది పరుపే. రెండేళ్ళకోసారి దూదేకే సాయిబుగారు భుజాన విల్లు పెట్టుకుని మా వీధిలోకి వచ్చేవారు. పరుపు విప్పి, ఉండలు కట్టిన దూదిని టంగుటంగుమని ఏకి, మళ్ళీ కూరి కుట్టిచ్చేవారు. దానిమీద పక్కకి తిరిగి పడుకుంటే భుజం ఆనినచోట ఓ గుంట, తుంటి ఆనినచోట ఓ గుంట. మనిషికి అచ్చు తీసినట్టుండేది. నడుమునొప్పి అనే మాటే తెలియదు. (అప్పటికి నా వయసు పదహారే లెండి!)

మీరెప్పుడైనా గమనించారో లేదో, సినిమాల్లో హీరో ఎప్పుడూ వెల్లకిలా, నుదుటి మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. పక్కకి తిరిగితే మొహం సగం దిండులోకి పోతుంది. కెమెరాకి ఏం మిగులుతుంది? ఇక మొదటిరాత్రి సీన్లో ఆ పూలపాన్పు కింద ఏముంటుందో చెప్పనా? మా సెట్లలో అయితే ప్లైవుడ్డు, దానిమీద రెండంగుళాల ఫోము, పైన తెల్లదుప్పటి. ఆ మల్లెపూలు చల్లిన చేతులు నావే. అంచేత సినిమా చూసి డ్రస్సు కొనుక్కోండి, ఫర్వాలేదు. పరుపు మాత్రం కొనకండి!

హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాక అయిదేళ్ళపాటు నా పడక ఓ చాప, దానిమీద అప్పడంలా అణిగిపోయిన పాత ఫోము. క్లాప్ కొట్టి ఇరుక్కుపోయిన ఆ రోజు రాత్రి నా రూమ్మేటు తీర్పు చెప్పేశాడు. అతను ఫైటరు. 90 కిలోల మనిషి. అద్దాల తలుపుల్లోంచి దూకడం అతని వృత్తి.

"ఏందన్నా గిట్లయినవ్? మెత్తగున్న దాని మీద పండితే నడుము ఖరాబే అయితది. గట్టిది కొనుక్కో, బల్ల లెక్కుండాలె."

మర్నాడు మేకప్ మ్యానూ అదే మాట. ప్రొడక్షన్ మేనేజరూ అదే మాట. టీ ఇచ్చే కుర్రాడు కూడా అదే మాట! నడుమునొప్పికి గట్టి పడకే మందన్నది మనవాళ్ళలో వేదవాక్కు. అప్పుచేసి 11,500 రూపాయలు పెట్టి, 'ఆర్థో' అని లేబులున్న అయిదంగుళాల పరుపు కొన్నాను. షాపతను దానిమీద వేలిమెటికలతో కొట్టి "చూశారా సార్, తలుపు కొట్టినట్టుంది" అన్నాడు గర్వంగా. నేనూ మురిసిపోయాను. తలుపు మీద ఎవరైనా పడుకుంటారా అన్న ఆలోచనే రాలేదు.

'భీష్మ' (1962) చిత్రంలో రామారావు గారు అంపశయ్య మీద ఉంటారు చూడండి, అది గుర్తొచ్చేది రోజూ రాత్రి. అయినా భీష్ముడు వెల్లకిలా పడుకున్నాడు కాబట్టి సరిపోయింది. పక్కకి తిరిగి పడుకుని ఉంటే ఉత్తరాయణం దాకా ఆగగలిగేవాడా అని నా అనుమానం! ఒంటిగంటకల్లా కిందిభుజం మొద్దుబారి, చేతిలో చీమలు పాకేవి. అటు తిరిగితే అటు తుంటి ఎముక సలుపు. తెల్లారాక మంచం పట్టె పట్టుకుని లేవడానికి ఇరవై నిమిషాలు. చిత్రమేమిటంటే, ఒకరోజు నేను ఊళ్ళో లేనప్పుడు మా ఫైటరు అదే పరుపు మీద పడుకుని "ఏం నిద్ర పట్టిందన్నా, మస్తుగుంది" అన్నాడు. ఒకే పరుపు అతనికి అమృతం, నాకు అంపశయ్య!

సరిగ్గా అప్పుడే నా జాతకంలో పెద్ద మలుపు. ఆరేళ్ళు క్లాప్ కొట్టినవాణ్ణి, కొత్త సినిమాకి కో-డైరెక్టరుగా తీసుకుంటామన్నారు. అవుట్‌డోర్‌లో ఏకబిగిన 24 రాత్రుల షెడ్యూలు. డైరెక్టరు గారు నా నడక వంక ఓసారి చూసి, "రాత్రంతా కాళ్ళమీద నిలబడాలయ్యా. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను. తప్పుపట్టను" అన్నారు. "సూపర్‌గా ఉన్నాను సార్" అని అబద్ధం ఆడి బయటికొచ్చి, మెట్లు దిగడానికి రెయిలింగు పట్టుకున్నాను. చేతిలో ఉన్నది మూడు వారాలు.

ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు అడగవలసినవన్నీ అడిగారు. కాలు బలహీనపడిందా? తొడల మధ్య స్పర్శ తెలియకుండా పోయిందా? మూత్రం, విరేచనం అదుపు తప్పుతున్నాయా? జ్వరముందా? కారణం లేకుండా బరువు తగ్గావా? వీటిలో ఏ ఒక్కటున్నా పరుపుల షాపుకి కాదు, పరుగున ఆస్పత్రికే రావాలన్నారు. నాకు అవేవీ లేవు. ఆ తర్వాత, అంతవరకూ ఏ ఒక్కరూ అడగని ప్రశ్న అడిగారు.

"నువ్వు ఎలా పడుకుంటావు?"

"పక్కకి తిరిగి, మేడమ్."

"మరి బల్ల ఎందుకు కొన్నావు?"

ఆవిడ చెప్పింది నా మాటల్లో చెబుతాను. వెల్లకిలా పడుకుంటే మన బరువు వీపంతా పరుచుకుంటుంది. పక్కకి తిరిగితే మోసేవి ముఖ్యంగా రెండే చోట్లు, భుజమూ తుంటీ. పరుపు బల్లలా ఉంటే ఆ రెండూ లోపలికి దిగవు. మధ్యలో నడుము కింద ఖాళీ ఉండిపోతుంది. ఆధారంలేని నడుము రాత్రంతా ఆ ఖాళీలోకి వేలాడుతుంది. అలాగని మరీ మెత్తగా ఉంటే ఒంట్లో బరువైన తుంటి బాగా దిగబడిపోయి వెన్ను ఉయ్యాలలా వంగుతుంది. నిటారుగా నిలబడ్డ మనిషిని అదే ఆకారంలో పక్కకి పడుకోబెడితే ఎలా ఉంటాడో, వెన్నుపూస అలా తిన్నగా ఉండాలి. అంటే పరుపు పైపొర భుజానికీ తుంటికీ లొంగాలి, కిందిపొర మాత్రం లొంగకూడదు.

"గట్టిదే మంచిదని అందరూ..." అని నసిగాను.

గట్టి పరుపు సలహా ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇచ్చేవారట. కానీ 2003లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుమునొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనమున్న పరుపు ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్ళకే చెప్పలేదు. 90 రోజులయ్యాక చూస్తే మధ్యరకం వాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. అది ప్రత్యేకించి పక్కకి తిరిగి పడుకునేవాళ్ళ మీద చేసిన పరీక్ష కాదు. అయినా 'గట్టిదే మందు' అన్న మాటని అది గట్టిదెబ్బే కొట్టింది. ఇక ఆ 'ఆర్థో' అనే లేబులంటారా, దానికి ఇంత అని కొలతేమీ లేదట. ఎవరి పరుపుకి వాళ్ళు అంటించుకోవచ్చు!

ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపి, రోజూ నడవమనీ, మంచం దిగకుండా ఉండొద్దనీ చెప్పారు. అంతా బాగానే ఉంది. కానీ కొత్త పరుపుకి డబ్బులేవీ?

అదే వారంలో అమ్మ నెల్లూరు నుంచి దిగింది. చేతిలో పచ్చళ్ళ సంచీ, చంకలో తన పాత చీరలతో కుట్టిన బొంత. నేను లేవడానికి పడుతున్న అవస్థ చూసి, పరుపుని చేత్తో తడిమింది.

"ఏంది నాయనా, ఈ బండమీదా నువ్వు పడుకునేది? పక్కకి తిరిగి పడుకునేవోడివి గదా!"

డాక్టరు గారికి అడిగితేగానీ తెలియనిది అమ్మకి అడక్కుండానే తెలుసు. బొంతని రెండు మడతలేసి పరుపుమీద పరిచింది. ఓ దిండు తెచ్చి నా మోకాళ్ళ మధ్య పెట్టింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మమ్మ నాకు అట్టనే పెట్టిచ్చేది" అంది. ఆ రాత్రి మూడుదాకా మెలకువ రాలేదు నాకు. నమ్మండి, నెలరోజుల్లో అదే మొదటిసారి!

ఈ మోకాళ్ళ మధ్య దిండు సంగతి తేలిగ్గా తీసేయకండి. పక్కకి పడుకున్నప్పుడు పైకాలు ముందుకి జారి పరుపుమీద వాలిపోతుంది. దానితోపాటు తుంటి తిరుగుతుంది, తుంటితోపాటు నడుము మెలిపడుతుంది. మధ్యలో దిండు ఉంటే కాలు కాలుమీదే ఉంటుంది, మెలి ఉండదు. పైసా ఖర్చులేని వైద్యం.

నాలో సహాయ దర్శకుడు ఊరుకుంటాడా? బొంతతో తేడా ఎంత వచ్చిందో కంటితో చూడాలనిపించింది. అమ్మ చేత నా వెన్నుపూస పొడుగునా, మెడ మొదలు నుంచి నడుము కిందిదాకా, జానెడుకొకటి చొప్పున బొట్టుబిళ్ళలు అంటింపించుకున్నాను. బొంత తీసేసి ఒకసారి, వేసి ఒకసారి పక్కకి తిరిగి పడుకున్నాను. మా ఫైటరు వెనకనుంచి, ఫోను పరుపుతో సమానమైన ఎత్తులో పెట్టి రెండు ఫొటోలూ తీశాడు, నవ్వు ఆపుకోలేక చస్తూ. మొదటి ఫొటోలో బొట్లు నడుము దగ్గర బావిలోకి దిగినట్టు కిందకి వంగాయి. రెండోదాంట్లో దాదాపు గీత గీసినట్టున్నాయి. నవ్వేవాడు టక్కున ఆపి "అన్నా, నాది గూడ తియ్యి" అన్నాడు. అతని బరువుకీ ఆ భుజాలకీ గట్టి పరుపు కూడా దిగింది, గీత తిన్నగానే వచ్చింది. పైగా అతను సగం రాత్రి వెల్లకిలానే పడుకుంటాడు. రహస్యం తేలిపోయింది. బక్కపలచటివాడికి మెత్తగా ఉండాలి, భారీమనిషికి గట్టిగా ఉండాలి. ఒకరి పరుపు సలహా ఇంకొకరికి పనికిరాదు.

అక్కడికక్కడే నా 'తలుపు'ని ఏడువేలకి అతనికి అమ్మేశాను. నెలకి వెయ్యి చొప్పున. మిగతాది అడ్వాన్సులోంచి సర్దుకుని, ఈసారి అమ్మనీ, నా దిండునీ వెంటబెట్టుకుని షాపులకి బయల్దేరాను.

'మాయాబజార్' (1957)లో 'గిల్పం' గుర్తుందా? ఎక్కిన శర్మనీ శాస్త్రినీ కుదురుగా ఉండనివ్వని మాయామంచం! మొదటి షాపులో నాకు చూపించిన స్ప్రింగు పరుపు అచ్చం అదే. స్ప్రింగులన్నీ ఒకదానికొకటి ముడేసి ఉండే రకం. అమ్మ అటు అంచున కూర్చోగానే నేను ఇటు లేచాను. పాకెట్ స్ప్రింగు అనేది వేరే. దాంట్లో ఒక్కో స్ప్రింగుకి ఒక్కో గుడ్డసంచీ. భుజం కింద స్ప్రింగు దిగితే నడుము కిందది దిగదు. పక్కకి పడుకునేవాడికి ఇది బాగానే నప్పుతుంది, ఖరీదే నప్పలేదు. కొబ్బరిపీచు పరుపు గాలి ఆడుతుంది, చల్లగా ఉంటుంది గానీ నా ఒంటికి మళ్ళీ బల్లే. పైన మెత్తటి పొర వేసుకుంటే తప్ప లాభం లేదు. మెమరీ ఫోము అమెరికావాళ్ళు 1960లలో నాసా కోసం, విమానం సీట్లలో వేయడానికని కనిపెట్టిన సరుకు. ఒంటి వేడికి కరిగినట్టు లొంగి భుజాన్ని భేషుగ్గా పట్టుకుంటుంది. అయితే మే నెల హైదరాబాదులో ఏసీ లేని గదిలో అది పెనం. పైగా పక్క మారాలంటే ఆ గుంటలోంచి లేచొచ్చినట్టుంటుంది. రబ్బరుపాలతో చేసే లేటెక్సు లొంగుతుంది, వెంటనే తిరిగి తోస్తుంది కూడా. నాకు మనసైంది అదే. కానీ పూర్తి పరుపు కొనే తాహతు లేదు.

షాపుల్లో "ఫార్టీ డెన్సిటీ సార్, చాలా గట్టిది" అంటుంటారు. రెండూ వేరు వేరు సంగతులు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము బరువు ఎన్ని కిలోలన్నది. దానివల్ల ఎన్నాళ్ళు మన్నుతుందో కొంత తెలుస్తుంది గానీ, గట్టో మెత్తనో తెలియదు. ఓ చిట్కా చెబుతాను. 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 5 అంగుళాల మందం పరుపు మొత్తం 40 డెన్సిటీ ఫోమే అయితే, ఫోము ఒక్కటే సుమారు ఎనిమిదిన్నర కిలోలు తూగాలి. 32 అయితే ఏడు కిలోలకి కాస్త తక్కువ. కాటా ఎక్కించమని అడిగి చూడండి, సగంమంది సేల్స్‌మెన్ మాట మార్చేస్తారు!

అన్నిటికన్నా ముఖ్యం, పడుకుని చూడటం. మనవాళ్ళంతా పరుపుని అరచేత్తో నొక్కి చూసి తలూపుతారు. అరచేత్తో పడుకుంటామా ఏమన్నా? నేను చెప్పులిప్పి, నా దిండు వేసుకుని, మోకాళ్ళు కాస్త ముడుచుకుని, గోడవైపు తిరిగి ఒక్కోదానిమీద పావుగంట పడుకున్నాను. చూసేవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వనీండి, 24 రాత్రులు నిలబడాల్సింది వాళ్ళు కాదుగా! అమ్మ నడుము కింద చెయ్యి దూర్చి చూసేది. చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు మరీ గట్టి. అసలు దూరకపోతే, తుంటి దిగబడిందేమో చూడాలి. కాస్త బిగువుగా వెళితే సరే. తుంటి వెడల్పున్న అమ్మాయిలకీ, భుజాలు వెడల్పున్న అబ్బాయిలకీ పైపొర ఇంకొంచెం లొంగేది కావాలి.

నాలుగో షాపులో ఒకదానిమీద పడుకున్నాను. తర్వాత తెలిసిందల్లా "సార్, షట్టర్ దించుతున్నాం" అన్న మాటే. ఇంకేం చూస్తాం? కింద నాలుగంగుళాల గట్టి ఫోము, పైన రెండంగుళాల లేటెక్సు. అదే తీసుకున్నాం. వంద రాత్రులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కివ్వొచ్చునని అమ్మే కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మంచిదే గానీ, తిరిగి ఎవరు మోసుకుపోతారు, డబ్బు పూర్తిగా ఇస్తారా, కవరు చింపితే ఒప్పుకుంటారా అన్నవి ముందే కాగితం మీద చదువుకోండి. ఒంటికి అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. మొదటిరాత్రే తీర్పు చెప్పేయకండి.

అన్నట్టు దిండు! దాన్ని మరిచిపోతే పరుపు డబ్బు సగం దండగ. పక్కకి తిరిగినప్పుడు చెవికీ పరుపుకీ మధ్య ఖాళీని నింపేదే దిండు. మెత్తటి పరుపులో భుజం దిగుతుంది కాబట్టి పల్చటి దిండు చాలు, గట్టిదాంట్లో ఎత్తుది కావాలి. నా పాతదిండు కొత్త పరుపు మీద ఎత్తయిపోయి నాలుగురోజులు మెడ పట్టేసింది. తలుపు లాంటి పరుపు మీద అలవాటైన దిండాయె!

షెడ్యూలు సంగతంటారా? 24 రాత్రులూ నిలబడ్డాను. నొప్పి పూర్తిగా పోయిందంటే అబద్ధమవుతుంది. మధ్యాహ్నం కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటే ఇప్పటికీ గుర్తుచేస్తుంది. ఫిజియో చెప్పిన వ్యాయామం మానేసిన వారం మరీనూ. కానీ పొద్దున్నే మంచం పట్టె పట్టుకుని లేవడం పోయింది. ఆ అవుట్‌డోర్‌కి లాడ్జిలో ఇచ్చిన పరుపు మళ్ళీ బల్లే. అమ్మ బొంత నా సూట్‌కేసులో సగం ఆక్రమించింది.

మొన్న సంక్రాంతికి నెల్లూరు వెళ్ళాను. అమ్మ కూడా పక్కకి తిరిగి పడుకునేదే. ఆవిడ నులకమంచం సాగి సాగి ఉయ్యాలైపోయింది. పొద్దున లేస్తూ ఆవిడా నడుము పట్టుకోవడం చూశాను. కూర్చుని నులక బిగించి, దానిమీదకి నాలుగంగుళాల పరుపొకటి కొనుక్కొచ్చాను. సరిపోయిందో లేదో చూద్దామని బొట్టుబిళ్ళల అట్ట తీసేసరికి అమ్మ గయ్యిమంది.

"పోరా పోరా! నా వీపు మీద బొట్లు పెట్టి ఫొటో తీస్తాడంట! రేపు దాన్ని గూడా సినిమాలో పెడతావు నువ్వు!"